లోగొంతు

“ఈ ఏడుపు తీసేస్తాను. పంటికింద రాయిలా తగులుతోంది,” అన్నాడు సౌండ్ ఇంజనీరు, హెడ్‌ఫోన్స్ మెడ మీదకి జార్చుకుంటూ.

“వద్దు.”

ఇంజనీరు వెనక్కి తిరిగాడు. అన్నది మూల కుర్చీలో కూర్చున్న పెద్దాయన. మూడు రోజులుగా ఆయన కూతురి వెంట స్టూడియోకి వస్తున్నాడు. ఇంట్లో ఒక్కడినీ వదిలితే స్టవ్ వెలిగించి మరిచిపోతాడట. మఫ్లర్ విప్పకుండా, కళ్ళు మూసుకుని వినడం తప్ప ఇంతవరకూ ఇంజనీరుతో ఒక్క మాటా మాట్లాడలేదు.

“ఎందుకు వద్దండీ?”

“పసిపిల్ల లేస్తుందనే కదా అబ్బాయ్, వాడు గొంతు తగ్గించి పాడుతున్నాడు! పిల్లని తీసేస్తే ఇంకెవరి కోసం మెల్లగా పాడినట్టు?”

ఇంజనీరు మౌస్ మీదనుంచి చెయ్యి తీసేశాడు.

ఆ కూతురు అట్టపెట్టె నిండా బూజు పట్టిన క్యాసెట్లు తెచ్చి, “వీటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తారా?” అని అడిగినప్పుడు, ఎవరిదో పెళ్ళి సందడి అయి ఉంటుందనుకున్నాడు. మొదటి క్యాసెట్ రెండు నిమిషాలు నడిచేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అది ‘ఉరుము’ గొంతు. మొహం నిండా రంగు పూసుకుని, నాలుగు గిటార్ల హోరు మధ్య అరిచి పాడిన ఉరుము. మూడు ఆల్బమ్‌లు చేసి, ముప్ఫై ఏళ్ళ కిందట ఉన్నట్టుండి మాయమైపోయాడు. పోయాడని కొందరు, పిచ్చెక్కిందని కొందరు అనుకున్నారు. రంగు లేని మొహం ఎవరూ చూడలేదు.

“ఇవి మీకెక్కడివండీ?” అని అప్పుడే అడిగాడు.

“అటక మీద దొరికాయి.”

“మీ నాన్నగారికి ఆయన తెలుసా?”

“ఒకే ఇంట్లో ఉండేవారు,” అని ఆమె నీళ్ళ సీసా మూత బిగించడంలో పడిపోయింది. చెప్పడం ఇష్టం లేదని అర్థమై ఇంజనీరు మళ్ళీ కదిలించలేదు.

ఇప్పుడు స్పీకర్లలో అదే పాట సాగుతోంది. ఒక తీగ కాస్త శ్రుతి తప్పిన గిటారు. కిర్రుమంటున్న ఫ్యాను. ఎవరో వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడు. వాన వెలిసిందంటూ మొదలైన చరణంలో ఒక మాట మసకబారిపోయింది.

“తలుపు ఏదో ఉంచు, అంటున్నాడు. ఆల్బమ్‌లో అయితే ‘తెరిచి ఉంచు’. ఇక్కడ వేరేగా ఉంది,” అన్నాడు ఇంజనీరు తనలో తాను అనుకుంటున్నట్టు.

“ఓరగా,” అన్నాడు పెద్దాయన.

ఇంజనీరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగుసార్లు విన్నాడు. నిజమే. ఓరగా ఉంచు.

“ఎలా పట్టారండీ?”

“బార్లా తెరిస్తే వెలుగుకి పిల్ల లేవదూ?”

“మీది భలే చెవి,” అన్నాడు ఇంజనీరు. పెద్దాయన నవ్వలేదు. అప్పటికే కళ్ళు మూసుకున్నాడు.

కూతురు మెల్లగా అడిగింది. “వీటిని విడుదల చేస్తే ఎవరైనా వింటారంటారా? అన్నీ తప్పులూ, దగ్గులూనే కదా.”

ఇంజనీరు పాట ఆపాడు. “మా అన్నయ్య ఈ పాట రోజూ పెట్టేవాడండీ. వాడు పోయాక నేను వినడం మానేశాను. ఆ అరుపు తట్టుకోలేకపోయేవాణ్ణి. పదకొండేళ్ళ తర్వాత మొన్న ఇక్కడే మొదటిసారి చివరిదాకా విన్నాను. ఆల్బమ్‌లో ఆయన లోకానికి వినపడాలని పాడాడు. ఇక్కడ ఎవరికీ వినపడకూడదని పాడాడు. మన పక్కన కూర్చున్నట్టే ఉంది.”

ఆమె తల దించుకుంది.

ఆఖరి క్యాసెట్‌లో పాట సగంలో ఆగిపోయింది. “లేపేశావుగా! ఇక నువ్వే ఎత్తుకో,” అంది దూరంగా ఒక ఆడగొంతు. గిటారు నేల మీద పెట్టిన చప్పుడు. తర్వాత అడుగులు, అటూ ఇటూ. అదే పాటని మాటల్లేకుండా, జోల పాడినట్టు పాడుతున్నాడు ఉరుము. ఏడుపు సన్నగిల్లింది. క్యాసెట్ అయిపోయింది.

కూతురు చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఎవరమ్మా ఈ కుర్రాడు?” అన్నాడు పెద్దాయన. నిన్నా, మొన్నా ఇదే ప్రశ్న.

“ఉరుము అంటారు నాన్నా.”

“అదేం పేరు? ఇంత మెత్తటివాడికి! ఓసారి ఇంటికి తీసుకురామ్మా. మాట్లాడాలనుంది.”

“రాడు నాన్నా.”

“దూరమా?”

“చాలా దూరం.”

“అయ్యో,” అన్నాడాయన. మఫ్లర్ సర్దుకుని లేచి, గోడ పట్టుకుంటూ తలుపు దగ్గరికి నడిచాడు.

ఇంజనీరు సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. “ఆల్బమ్‌ల కంపెనీ వాళ్ళతో మాట్లాడానండీ. విడుదల చేస్తామన్నారు. కానీ ఆయన తాలూకు మనుషులెవరైనా సంతకం పెట్టాలి. ఎవరైనా ఉన్నారా?”

“కాగితం ఇవ్వండి.”

“స్నేహితుల సంతకం చెల్లదండీ. సొంతవాళ్ళే కావాలి.”

ఆమె కాగితం అందుకుంది. తలుపు దగ్గరనుంచి తండ్రి పిలుస్తున్నాడు, ఇంటికి పోదామని. “వస్తున్నా నాన్నా,” అని, నిలబడే పెన్ను తీసింది.

‘గాయకుడికి ఏమవుతారు’ అన్న చోట ‘కూతురు’ అని రాసింది.