వేలి చప్పుడు

ఠక్ ఠక్.

లైబ్రేరియన్ మెట్లెక్కి రీడింగ్ రూములోకి వచ్చేసరికి, మూలబల్ల దగ్గర నలుగురు కుర్రాళ్ళూ పుస్తకాల్లో తలలు దూర్చేశారు. అంత శ్రద్ధగా చదివేవాళ్ళు ఊళ్ళోనే లేరన్నట్టు.

ఒకడి పుస్తకం మాత్రం తలకిందులుగా ఉంది.

ఆవిడకు ఒళ్ళు మండింది. లైబ్రరీని పడకగది చేశారని పొద్దున్నే పై ఆఫీసరు గడ్డి పెట్టాడు. తీరా పట్టుకుందామని వస్తే రోజూ ఇదే నాటకం.

ఈసారి చప్పుడు ఎక్కడిదో చూసింది. వాళ్ళ పక్కనే కూర్చున్న పచ్చ స్వెట్టర్ పిల్ల వేలు ఇంకా బల్ల మీదే ఉంది. ఆ పిల్ల కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"వీళ్ళని లేపేది నువ్వేనా?"

"అవునండీ."

అబద్ధమైనా ఆడనందుకు ఆవిడకు ఇంకా చిర్రెత్తింది.

"నువ్వు చదవవు, పడుకోవు. నీకిక్కడేం పని?"

"ఊరికే కూర్చుంటానండీ."

"ఊరికే కూర్చోడానికి ఇదేమన్నా సత్రమా? ఇల్లూ వాకిలీ లేనివాళ్ళంతా నా నెత్తిన పడ్డారు. లే ముందు. మళ్ళీ ఈ గుమ్మం తొక్కితే వాచ్‌మన్‌తో గెంటిస్తాను."

పిల్ల లేచింది. "సామాన్లు జాగ్రత్తరా," అని కుర్రాళ్ళతో చెప్పి వెళ్ళిపోయింది.

పీడ విరగడైందనుకుంది లైబ్రేరియన్.

మర్నాడు నలుగురూ బ్యాగులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు నులుముకుంటూ కూర్చున్నారు. మధ్యాహ్నం వాళ్ళలో పొడుగాటి కుర్రాడు ఒట్టికాళ్ళతో కౌంటర్ దగ్గరికొచ్చాడు.

"మేడమ్, కునుకు పట్టేసింది. బల్ల కింద విప్పిన బూట్లు ఎవరో ఎత్తుకుపోయారు."

"పడుకోవద్దని మొత్తుకుంటూనే ఉన్నాగా."

"రాత్రి ఎక్కడ నడుం వాల్చినా తరిమేస్తారు. ఇంకెప్పుడు పడుకోవాలి మేడమ్? సాయంత్రం గోదాములో పనిలో చేరాలి. బూట్లు లేకపోతే లోపలికే రానివ్వరు. ఇన్నాళ్ళకి దొరికిన పని."

ఆవిడ కుర్చీలోంచి లేచింది. మూలబల్ల దగ్గరికి వెళ్ళి, ఆ పిల్ల కుర్చీలో కూర్చుని చూసింది. అక్కణ్ణుంచి మెట్లూ తలుపూ కనిపిస్తున్నాయి. బల్ల కింద సామాన్లూ కనిపిస్తున్నాయి.

తన మీద తనకే కోపమొచ్చింది.

"ఆ పిల్ల ఏ రోడ్డు మీద ఉంటుంది? వెళ్ళి నేను రమ్మన్నానని చెప్పు."

కుర్రాడు తల అడ్డంగా ఊపాడు.

"వద్దు మేడమ్. అక్కకి గది దొరికి ఏడాదైంది. రాత్రంతా డ్యూటీ చేసి, ఇంటికెళ్ళి పడుకోకుండా, మేం పడుకోవాలని ఇక్కడికొచ్చి కాపలా కూర్చునేది. ఇవాళైనా తనని నిద్రపోనివ్వండి."