ఏం కాబోతున్నారు?

ముందు వరుసలో ఎవరో ఒకామె వచ్చి కూర్చుంది.

యాభై ఏళ్ళుంటాయి. నేత చీర, చేతిలో గుడ్డసంచి.

తేజస్విని మైకు పక్కన పెట్టి వేదిక దిగింది. ఆ రోజు సభ నడిపేది ఆ అమ్మాయే.

"అమ్మా, ఈ కుర్చీలు అతిథులకు. మీరు ఎనక్కి పోయి కూర్చోండి."

"అట్నే పాపా" అంటూ ఆమె లేచింది. ఏమీ అనుకోలేదు. షామియానా చివర, నీళ్ళ క్యాన్ల దగ్గర ఒక బల్ల కనిపిస్తే అక్కడ కూర్చుంది.

నగరిలోని ఆ హైస్కూల్లో పదో తరగతి పిల్లలకు వీడ్కోలు సభ. పరీక్షలు దగ్గర పడ్డాయి. ఎవరికీ ఆ బెంగ ఉన్నట్టు లేదు.

"ఎవరి అమ్మరా ఆమె?" అన్నాడు మురుగేష్.

"మా అమ్మ కాదు" అన్నాడు సలావుద్దీన్.

"మా అవ్వ గూడా కాదు" అన్నాడు ధర్మేంద్ర. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతను ఏమన్నా నవ్వుతారు.

ఒక్కొక్కరే వేదిక ఎక్కి, ఈ బడిలో మరచిపోలేనిది ఏమిటో, రేపు ఏం కాబోతున్నారో చెప్పి దిగాలి.

చాందిని పోలీసు అవుతానంది. పగలూ రాత్రీ ఇంట్లో మరమగ్గాల మోత భరించలేకున్నానని, చప్పుడు చేయని మగ్గం కనిపెడతానని మురుగేష్ అన్నాడు. సలావుద్దీన్ రైలు నడుపుతానన్నాడు. చెన్నై దాకా కాదు, ఢిల్లీ దాకా.

స్పీకర్లు రెండూ ముందుకే తిరిగి ఉన్నాయి. వెనక కూర్చున్నామెకు సరిగ్గా వినపడలేదు కాబోలు, నీళ్ళు తాగడానికి వచ్చిన వాళ్ళనల్లా ఆపి అడగసాగింది.

"నీ పేరేంది పాపా?"

"చాందిని."

"ఏమవుతానంటివి?"

"పోలీసు."

"చాందిని, పోలీసు" అని ఆమె పెదవుల మీదే అనుకుంది. "బాగుండాది. అట్నే కానీ."

మురుగేష్‌నూ అడిగింది. సలావుద్దీన్‌నూ అడిగింది. తేజస్విని నీళ్ళకు వస్తే ఆమెనూ వదల్లేదు.

"ఎవురో గానీ పరీక్ష పెడతాండాదిరా" అన్నాడు సలావుద్దీన్.

చివర్లో ధర్మేంద్ర మైకు అందుకున్నాడు. అతని గొంతు నీళ్ళ క్యాన్ల దాకా వినపడింది.

"ఏడో తరగతిలో చంద్రగిరి కోటకు పోయినాం. కోట నాకు గుర్తులేదు. వచ్చేటప్పుడు మా డ్రైవరన్న పోయిన నిద్ర మాత్రం గుర్తుండాది."

తల ఒక పక్కకు వాల్చి, మైకులో గురక పెట్టాడు. లేని స్టీరింగును గిర్రున తిప్పాడు.

"పుత్తూరు దాటినాక మలుపులో, ధడేల్! బస్సు పోయి కొండను కావలించుకునింది."

షామియానా అంతా నవ్వింది. మాస్టర్లు కూడా నవ్వారు.

చప్పట్ల మధ్య దిగి, అతను నీళ్ళ దగ్గరికి వచ్చాడు.

"నీకు ఆ పొద్దు దెబ్బలేమన్నా తగిలినాయా నాయనా?" అని అడిగిందామె.

"మోకాలు గీసుకునింది, అంతే. మాలో ఎవురికీ ఏం కాలా."

"మంచిది. నువ్వేమవుతావో చెప్పకుండానే దిగేసినావే?"

"ఇంకా అనుకోలేదు."

"ఏదో ఒకటి సెప్పు. అందురూ సెప్పినారు. నువ్వొక్కడివే తక్కువ."

"మీకెందుకమ్మా?"

ఆమె గుడ్డసంచి ఒళ్ళో సర్దుకుంది. అతని ముఖంలోకే చూస్తూ ఉంది.

"సరే, ధర్మేంద్ర, కలెక్టరు" అన్నాడు, స్నేహితుల వైపు కన్ను గీటుతూ.

"ధర్మేంద్ర, కలెక్టరు" అందామె. ఆమె నవ్వలేదు.

భోజనాలు మొదలయ్యాయి. ఎవరో మర్యాదకు రమ్మంటే, ఆమె పుత్తూరు బస్సుకు టైమయిందని వెళ్ళిపోయింది.

చిత్తూరులో మీటింగుకు పోయిన హెడ్మాస్టరు రంగనాథం అప్పుడు వచ్చాడు. వస్తూనే అడిగాడు.

"నాగవేణమ్మ వచ్చిందా? ముందర కూర్చోబెట్టినారా?"

తేజస్విని తల దించుకుంది. "ఒకామె వచ్చింది సార్. ఇప్పుడే పోయింది. ఎవరు సార్ ఆమె?"

"మునిరామయ్య భార్య. మీ చంద్రగిరి బస్సు నడిపినాడే, ఆయన. మిమ్మల్ని ఒకసారి చూసిపోతానని నిన్న ఫోను చేసింది."

ధర్మేంద్ర చేతిలో పులిహోర ముద్ద అలాగే ఉండిపోయింది.

"అంటే… ఆ నిద్రపోయిన…"

"ఎవరప్పా నిద్రపోయింది? బ్రేకులు పడలేదు. ఆ మలుపులో ఎడమ పక్క ఏముంది? నీళ్ళు నిండిన క్వారీ గుంత. కుడి పక్క కొండ. అతను కుడికి తిప్పినాడు. బస్సులో డ్రైవరు కూర్చునేది ఏ పక్క?"

"కుడి పక్కే" అన్నాడు సలావుద్దీన్ మెల్లగా.

"రెండు కాళ్ళూ పోయినాయి. అప్పట్నుంచీ మంచం మీదనే. నిద్రపోయినాడనేది బస్సు ఓనరు పుట్టించిన మాట. విచారణలో అది అబద్ధమని తేలింది. అయినా ఊళ్ళో ఆ మాటే నిలిచిపోయింది."

ధర్మేంద్ర చెయ్యి కడగకుండానే పరిగెత్తాడు.

బస్టాండులో పుత్తూరు బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంది.

"అమ్మా!" అన్నాడు రొప్పుతూ. "కలెక్టరని ఊరికే అన్నానమ్మా. నిజంగా నాకింకా తెలీదు."

"తెలీకపోతే ఏమిలే నాయనా. నిదానంగా ఆలోచించుకో."

"నేనట్లా మాట్లాడి ఉండకూడదు. ఆయన సంగతి నాకు తెలీదమ్మా."

"పిల్లోళ్ళు మీరు. మీకెట్ట తెలుస్తాది?"

కండక్టరు విజిలేశాడు. బస్సు కదిలింది. ధర్మేంద్ర కిటికీ కమ్మీ పట్టుకుని పక్కనే నడిచాడు.

"ఆదివారం మేమందరం మీ ఇంటికొస్తాం. ఆయనతో నేనే చెప్తా. వస్తామని చెప్పండమ్మా."

"రాండి నాయనా, అందురూ రాండి, వండి పెడతా" అందామె. "ఆయనైతే లేడప్పా, కార్తీకంలోనే పోయినాడు, ఏటా బడి తెరిస్తే సాలు, మన పిల్లోళ్ళు ఏ తరగతికి వచ్చినారే అని అడిగేటోడు, పదికి వచ్చినాక పోయి ఏమవుతారో కనుక్కోమని నా దగ్గర మాట తీసుకున్నాడు."