కొత్త తలుపు

"మూడు నెలల నుంచీ ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అంటున్నావు. నేను అడిగింది కారు తలుపా, కోట తలుపా?"

లారీ గుద్ది తలుపు నుజ్జయిన కారు పక్కన నిలబడి భర్త మండిపడ్డాడు. భార్య షెడ్డు బయట బల్ల మీద కూర్చుని ఉంది.

"కంపెనీవాళ్లు పంపాలి కదా సార్," మెకానిక్ నసిగాడు.

"పదిహేను రోజుల కిందటే పంపారట. కనుక్కునే వచ్చాను. ఎవరికి అమ్ముకున్నావు?"

మెకానిక్ ముఖం మాడిపోయింది. మూలన కప్పి ఉన్న టార్పాలిన్ పట్టా పక్కకు లాగాడు. విప్పని అట్టపెట్టెలో తలుపు అక్కడే ఉంది.

"అంత నీతిమాలినవాణ్ణి కాదు సార్. అమ్మగారే బిగించొద్దన్నారు. కారెక్కాలని తలుచుకుంటేనే కాళ్లు వణుకుతున్నాయట. మీతో చెబితే నవ్వుతారన్నారు."

అతనికి గుర్తొచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు ఆమె ఆ మాట చెప్పనే చెప్పింది. తను నవ్వాడు.

అతను బయటికి రాగానే ఆమె చటుక్కున లేచింది.

"వచ్చిందా అండీ?"

"వచ్చింది."

ఆమె ముఖం పాలిపోయింది.

"నువ్వు చెప్పేదాకా పెట్టె విప్పొద్దన్నాను," అన్నాడతను. "పద, నడిచి వెళ్దాం."

ఆమెను గోడవైపు ఉంచి, బండ్లు దూసుకుపోతున్న వైపు తను నడిచాడు.