గుంట సగం దాటని ఇంజను

"ఇంత చిన్న కార్బ్యురేటర్ పెడితే నీ ట్రక్కు బురద గుంట దాటదురా," అన్నాడు ఓర్విల్.

ఫరవాలేదు, అదే బిగించమన్నాడు డెల్బర్ట్.

కెంటకీలో ఆ చుట్టుపక్కల బురద గుంటలు దాటే ట్రక్కుల పందేలకు ఇంజను కట్టించాలంటే ఓర్విల్ షెడ్డుకే రావాలి. గుంట దాటాలంటే ఇంజనుకు బాగా ఊపిరి ఆడాలని, అందుకు పెద్ద కార్బ్యురేటర్, గట్టి కామ్‌షాఫ్ట్ ఉండాలని అక్కడ పాలు తాగే పిల్లలకూ తెలుసు. డెల్బర్ట్ మాత్రం ముసలమ్మలు చర్చికి నడుపుకెళ్ళే కార్ల సామాను ఏరుకునేవాడు. పోనీ పిసినారా అంటే అదీ కాదు. మరీ నాసిరకం చూపిస్తే అలిగేవాడు.

"అది వద్దన్నా. మొన్న అది పెడితే గట్టు దగ్గరే ఆగిపోయింది, జనమే తోసేశారు. కాస్త పెద్దది చూడు. మరీ పెద్దది కాదు."

ఓర్విల్‌కు బుర్ర తిరిగిపోయేది.

వేసవి పొడుగునా ఇదే తంతు. ప్రతి ఆదివారం డెల్బర్ట్ నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఉన్నది ఒక్కడే అయినా రెండు కూల్‌డ్రింకులు పక్కన పెట్టుకుని బురదలోకి దిగేవాడు. సరిగ్గా నడిగుంటలో కూరుకుపోయేవాడు. ట్రాక్టరు వచ్చి, గొలుసేసి లాగి ఒడ్డున పడేసేది. జనం ఉడికించిన వేరుశనగలు నములుతూ ఈలలు వేసేవారు.

పాపం, పరువు పోయింది ఓర్విల్‌కు. ఇంజను కట్టినవాడి పేరు ట్రక్కు తలుపు మీద రాయించడం అక్కడి ఆనవాయితీ. వారం వారం ఆ పేరే బురదలో మునిగేది.

ఆ ఏటి ఆఖరి పందెం వచ్చింది.

"ఈ ఆదివారం ఏదో ఒకటి తేలిపోవాలన్నా. తప్పితే మళ్ళీ వేసవి దాకా ఆగాలి. నావల్ల కాదు," అన్నాడు డెల్బర్ట్.

ఓర్విల్ మనసు కరిగిపోయింది. శనివారం డెల్బర్ట్ క్షౌరానికని పట్నం వెళ్ళి పొద్దుగూకే దాకా రాలేదు. ఆలోగా ఓర్విల్ తన సొంత బండి కోసం దాచుకున్న కార్బ్యురేటర్, కామ్‌షాఫ్ట్ తీసి వాడి ఇంజనులో గుట్టుగా బిగించేశాడు.

మర్నాడు ట్రక్కు గుంటను ఒక్క ఊపులో దాటేసి అవతలి గట్టెక్కి కూర్చుంది. జనం వెర్రెత్తిపోయారు. డెల్బర్ట్ నోరు తెరుచుకుని దిగాడు. ఎవరో చేతిలో కప్పు పెట్టారు. వాడి కళ్ళు ధారలు కట్టాయి.

"ఏడువురా, తనివితీరా ఏడువు. గెలిచినవాడు ఏడిస్తే తప్పు లేదు," అంటూ ఓర్విల్ వాడి వీపు నిమిరాడు.

డెల్బర్ట్ కప్పు వంక చూడనైనా లేదు; నడిగుంటలో, వేసవంతా తనను ట్రాక్టరుతో లాగిన పిల్ల రోండా, కొత్తగా కూరుకుపోయిన ఎవడి బండికో గొలుసు తగిలించి, వాడందించిన కూల్‌డ్రింకు తాగుతూ నవ్వుతోంది.