బంగారి చేపిన పూట

మొవ్వలో ఇప్పుడు గేదెల పాలు యంత్రాలే పితుకుతున్నాయి. పొద్దుటి పాలు సాయంత్రానికి దుబాయ్ చేరతాయి. ఏ గేదైనా ఒక్క పూట పాలివ్వకపోయినా, దాని మెడకు కట్టిన సెన్సరు పట్టీ ఆ సంగతి అక్కడికి చెప్పేస్తుంది. ఆ గేదె పాలు ఇక ఎగుమతికి తీసుకోరు.

నాంచారమ్మ గేదె బంగారి మాత్రం ఆమె చేతికే పాలు చేపేది. అయినా చెల్లెలి కూతురి పెళ్లి మానుకోలేక, ఆమె తన చీరను యంత్రానికి చుట్టి, గేదెను భర్త రాఘవులుకు అప్పగించి బందరు బస్సెక్కింది.

సాయంత్రం పెళ్లింట్లో ఉండగా రాఘవులు ఫోన్ చేశాడు.

"చీర వాసన చూసిందే. పాలు మాత్రం రాలేదు."

"తిట్టారా?"

"పాపం, దాన్నెందుకు తిడతానే?"

"నేను రోజూ తిడుతూనే పితుకుతానుగా. ఫోన్ దాని చెవి దగ్గర పెట్టండి."

నాంచారమ్మ గొంతెత్తింది. "ఏమే సిగ్గుమాలినదానా, నా పరువు తీస్తావా?"

పక్కనే ఉన్న పెళ్లికొడుకు తల్లి ఉలిక్కిపడింది. "మిమ్మల్ని కాదు వదినగారూ, గేదెని," అంది నాంచారమ్మ.

ఫోన్‌లో పాలధార చప్పుడు వినిపించింది. "చేపిందే," అన్నాడు రాఘవులు.

"పొద్దున పాలవేళకే ముహూర్తం. రేపటి తిట్లు కూడా ఇప్పుడే తిట్టేస్తాను, రికార్డు చేసుకోండి."