తేనెలూరిన వీణ

"కొంప ముంచీసారు కదండీ!" అంటూ పార్వతీదేవి ఆ రోజు పేపరు తెచ్చి కొట్టు బల్ల మీద పడేసింది.

కాశీవిశ్వనాథం ఆమె పెదవులనే చూస్తున్నాడు. పోయిన వానాకాలం వచ్చిన జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ రెండు చెవులూ పట్టుకుపోయింది. ఆ సంగతి భార్యకి తప్ప విజయనగరంలో నరమానవుడికి తెలియదు. అయినా కిరాణా కొట్టుకి చెవులతో పనేముంది? ఎవరొచ్చినా "చీటీ రాసివ్వండి" అంటాడు, సరుకు కట్టిస్తాడు.

భయమంతా పేపర్లో రాసే కచేరీ సమీక్షల గురించే. ఇరవై ఏళ్ళ అలవాటు. అది కాస్తా పోతే తను ఉప్పూ పప్పూ అమ్ముకునే ఆసామీ మాత్రమే. అందుకే చెవులు పోయినా మానలేదు. వీణ మెట్ల మీద వేళ్ళు చూసి రాగం పట్టేస్తాడు. మిగతాది పైడితల్లమ్మ మీద భారం వేసి రాసేస్తాడు.

"ఏటైందే?"

"జగన్నాథం గారి వీణ తేనెలూరిందని రాసారా? మొన్న దసరా కచేరీలో మొదటి నుంచీ శ్రుతే లేదట! జనం మధ్యలోనే లేసెల్లిపోనారట. పక్కింటి గున్నమ్మ సెప్పింది."

కాశీవిశ్వనాథం గబుక్కున పేపరు అందుకున్నాడు. జనం లేవడం తనూ చూశాడు. గరివిడి బస్సుకి టైమైంది కాబోలు అనుకున్నాడు!

"ఎటకారం సేసాననుకుంటాడే ఆ పెద్దాయన! నిలదీస్తే ఏటి సెప్పను? నా సెవుల సంగతి ఊరంతా తెలిసిపోతాది!"

"అమ్మా పైడితల్లీ! అదిగో, ఆయనే ఆటో దిగుతన్నారు. సేతిలో పేపరు కూడా ఉన్నాది!" ఆవిడ చటుక్కున లోపలికి తప్పుకుంది.

జగన్నాథం గారు ఆరడుగుల మనిషి. నోరు కప్పేసేంత తెల్లటి మీసం. ఆ మీసం వెనక పెదవులు కనబడితే కదా!

"దండాలు పంతులు గారూ. ఎటకారం కాదండీ, పైడితల్లి మీద ఒట్టు!"

ఆయన కొట్టు బల్ల దగ్గరికొచ్చి ఆగారు. కళ్ళార్పకుండా చూస్తున్నారు. కోపం నషాళానికి అంటినట్టుంది.

"వచ్చే వారం సవరణ ఏయిస్తాను. తప్పైపోనాది, కాళ్ళు పట్టుకుంటాను."

 ఆయన పేపరు విప్పి సరిగ్గా ఆ సమీక్ష మీదే వేలు పెట్టారు.  కాశీవిశ్వనాథం ఆ మీసం వంకే చూశాడు. ఆయన తిడుతున్నారో, ఊరికే నిలబడ్డారో కూడా తెలియడం లేదు. ఇంక గత్యంతరం లేక, చీటీల కట్టా పెన్నూ ఆయన ముందుకి తోశాడు.

"ఏటున్నా రాసివ్వండి బాబూ."

కాగితం చూడగానే ఆయన మొహం తేటపడింది. స్టూలు లాక్కుని కూర్చుని, తీరిగ్గా రాసి ఇచ్చారు. కాశీవిశ్వనాథం కళ్ళజోడు సర్దుకుని, ప్రాణాలు ఉగ్గబట్టుకుని చదివాడు.

"నాకు చెవులు పోయి ఆరు నెలలైంది, ఎలా వాయించానో మీరు రాస్తేనే తెలుస్తోంది."