గొంతు తెలిసిన మనిషి

“వినబడుతోందా?”

“వినబడుతోందండి.”

“మధ్యలో తెగుతోందా?”

“లేదండి.”

ఆ ‘అండి’ అక్కకు ఇప్పటికీ అలవాటు కాలేదు. చంకనెత్తుకుని తిప్పిన తమ్ముడు తిడితే పడొచ్చు గానీ, మర్యాద ఇస్తే ఎలా పడటం? ఫోన్ల కంపెనీలో మెట్ల కింద, ఇనుప తలుపు పక్కన నిలబడి ఆమె మాట్లాడుతోంది. భవనం మొత్తంలో సిగ్నల్ సరిగా అందని మూల అదే.

“ఒక నిమిషం ఏదైనా మాట్లాడు.”

“ఏం మాట్లాడమంటారు?”

“ఏదో ఒకటి. పరీక్షకి గొంతు కావాలంతే.”

అవతల సుత్తి చప్పుడు ఆగింది. తమ్ముడిది ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టు. “పొద్దున్న రెండు పెళ్ళి ఫొటోలు కట్టాను. ఒకదాని అద్దం పగిలింది. మా పాపకి ముందుపన్ను ఊడింది. ఏడుస్తుందనుకుంటే, అందరికీ నోరు తెరిచి చూపిస్తోంది. చాలాండీ?”

“చాలు,” అంది. చాలలేదు.

ఫోను లోపల యాంటెన్నా గీయడం ఆమె ఉద్యోగం. తక్కువ ఫ్రీక్వెన్సీకి పొడవాటి రేకు కావాలి, ఎక్కువ ఫ్రీక్వెన్సీకి పొట్టిది సరిపోతుంది. ఒకే రేకు అన్నిటినీ అందుకోవాలి, అదేమో గోరంత చోటులో ఇమడాలి. చాంతాడంత దాన్ని మడతలు పెట్టి కూర్చోబెట్టేసరికి తలప్రాణం తోకకొచ్చేది. దానికి తోడు పక్కనే బ్యాటరీ. దాన్ని గీసే పెద్దాయన్ని ఆఫీసంతా ‘బ్యాటరీ బాబాయి’ అంటుంది. అర మిల్లీమీటరు జరగమంటే చాలు, ఆయన పొలం గట్టు జరిపేసినంత గోల చేస్తాడు.

మూడేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం ఆమె పరీక్ష గదిలో ఉంది. బయటి సిగ్నల్ ఏదీ చొరబడకుండా కట్టిన గది అది. ఆ పూటే అమ్మకు ప్రాణం మీదికొచ్చింది. తమ్ముడు చేసిన ఫోన్లలో ఒక్కటీ మోగలేదు. ఆమె బయటికొచ్చేసరికి అమ్మ లేదు.

“లోకమంతటికీ సిగ్నల్ ఇస్తారు. అమ్మకి మాత్రం దొరకరు,” అన్నాడు తమ్ముడు. అతని నోట మొదటిసారి ఆ మర్యాద వచ్చింది అప్పుడే. తర్వాత మాటలే ఆగిపోయాయి. తప్పు తనదో, గదిదో ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

ఏడాది క్రితం కొత్త ఫోను పని వచ్చింది. శాంపిల్‌తో మనుషులకు ఫోన్ చేసి, గొంతు ఎలా వెళుతోందో చూడమన్నారు. ఆఫీసులో ఎవరైనా సరిపోయేవారు. ఆమె మాత్రం గుండె చిక్కబట్టుకుని తమ్ముడి నంబరు నొక్కింది.

“ఆఫీసు పని. నా గొంతు తెలిసినవాళ్ళయితేనే తేడా పట్టుకోగలరు.”

“పనయితే సరేనండి,” అన్నాడతను.

ఇప్పుడు ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే, మెట్ల మీద బ్యాటరీ బాబాయి నిలబడి ఉన్నాడు.

“అమ్మాయ్, ఆ శాంపిల్ స్టోర్స్‌కి తిరిగివ్వాలట. ఆ మోడల్ బజార్లోకొచ్చి ఆర్నెల్లయింది. ఇంకా ఏం పరీక్షిస్తున్నావు?”

“మా తమ్ముణ్ణి, బాబాయ్.”

ఆయన నవ్వబోయి మానేశాడు. మెట్టు మీద కూర్చున్నాడు. “ఇంకా కొత్త శాంపిల్ అనే చెబుతున్నావా?”

“మడత మార్చామని ఒకరోజు, అంచు తగ్గించామని ఒకరోజు. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా.”

“నిజం చెప్పెయ్యరాదూ?”

“చెప్తే ఇది కూడా పోతుంది. వాడికి అబద్ధమంటే ఒళ్ళుమంట. పరీక్ష లేదంటే నా ఫోన్ ఎందుకెత్తుతాడు?”

“ఎక్కడో ఒకచోట ఆ ఫోన్ చూస్తాడుగా?”

“వాడిది ఇంకా బటన్ల ఫోనే. ఇలాంటివి వాడి కంటికి ఆనవు.”

“కంటికి ఆనకపోయినా చెవిన పడుతుంది తల్లీ. వేరేవాళ్ళు చెప్పేకంటే నువ్వు చెప్పడం నయం,” అని ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

ఆ మాట ఆమెను నిలవనివ్వలేదు. మర్నాడు శాంపిల్ తిరిగిచ్చే ముందు అదే మూలకు వెళ్ళి ఫోన్ చేసింది.

“వినబడుతోందా?”

“వినబడుతోందండి. ఇవాళ ఏం మార్చారు?”

“ఏమీ మార్చలేదు. పరీక్షలెప్పుడో అయిపోయాయిరా. ఆ ఫోను ఆర్నెల్లుగా బజార్లో ఉంది. నీ గొంతు వినాలని అబద్ధం చెప్పాను.” ఆమె ఇనుప తలుపుకు ఆనుకుంది. “ఆ రోజు ఒక్కసారి గదిలోంచి బయటికొచ్చి ఫోన్ చూసుకోవలసింది. చూసుకోలేదు. ఇక నిన్ను విసిగించను.”

అవతల సుత్తి చప్పుడు ఆగిపోయింది. పెట్టేశాడేమోనని ఆమె తెర వంక చూసింది. లైన్ తెగలేదు.

“అయిపోయాయంటావేంటి?” అన్నాడు తమ్ముడు. “ఎడంచేత్తో పట్టుకుంటే నీ మాట తెగుతోంది. అది బాగుచెయ్యవా?”

ఆమెకు అర్థం కాలేదు. “ఫోన్ నా చేతిలో ఉంటే, నీకెలా తెలిసిందిరా?”

“అది బజార్లోకొచ్చిన రోజే కొన్నానక్కా.”